మాంచెస్టర్ యునైటెడ్ కోచ్ అమోరిమ్ మీద ఇంకా నమ్మకం ఉండేవాళ్లు ఎవరన్నా ఉంటే నాకు కాస్త చెప్పండబ్బా

ఇందుకూరుపేట రెడ్ · 28 సెప్టెంబర్ 2025

నిన్న సాయంత్రం ఐదింటికి బ్రెంట్‌ఫోర్డ్ మ్యాచ్ చూసినాక రాత్రి అన్నం సయించలా. పొద్దున్నే కూర్చోని ఇది టైప్ చేస్తా ఉండా, కొంచెం పెద్దదే అవుద్ది, ఓపిగ్గా చదవండి.

మాకు రెండు రొయ్యల గుంటలు ఉండాయి, ఒకటి సొంతం, ఒకటి లీజు. తెల్లారుజామున నీళ్లల్లో ఆక్సిజన్ పడిపోద్ది కాబట్టి రాత్రంతా ఏరేటర్లు (నీళ్లల్లో గాలి కలిపే మిషన్లు) తిరగతానే ఉండాల, కరెంటు పోతే పరిగెత్తి జనరేటర్ ఎయ్యాల, ఎవరో ఒకరు మేలుకోని ఉండాల్సిందే, ఆ కాపలా నాది. అందుకే అర్ధరాత్రి పన్నెండున్నర మ్యాచ్ అంటే వేరేవాళ్లకి కష్టమేమోగానీ నాకు గట్టు మీద అదే తోడు. 2008లో మాస్కోలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో పెనాల్టీ కొట్టబోయి చెల్సీ టెర్రీ కాలు జారిందే, ఆ రాత్రి నుంచి మాంచెస్టర్ యునైటెడ్ తప్ప ఇంకో టీమ్ వైపు చూళ్లేదు నేను.

పోయిన సీజన్ ఎట్టా గడిచిందో మీకందరికీ తెలుసు. ప్రీమియర్ లీగ్‌లో 38 మ్యాచ్‌ల్లో 18 ఓటములు, 42 పాయింట్లు, పదిహేనో స్థానం. 1974లో కింది డివిజన్‌కి పడిపోయినాక మళ్లీ ఇంత కింద ఎప్పుడూ లేం. అయినా నేను అమోరిమ్‌ని ఒక్క మాట అనలా. నవంబర్‌లో మధ్యలో వచ్చాడు, టీమ్ ఆయన కట్టింది కాదు, ప్రాక్టీసుకి టైమ్ లేదు అని అందరితోనూ వాదించా. ఏప్రిల్‌లో యూరోపా లీగ్‌లో లియాన్ మ్యాచ్ గుర్తుందా, ఎక్స్‌ట్రా టైమ్‌లో 4-2తో వెనకబడి, 114వ నిమిషం నుంచి ఏడెనిమిది నిమిషాల్లోనే మన బ్రూనో పెనాల్టీ, మెయినూ, ఆఖర్న మగ్వైర్ తల, 5-4. మన టైమ్ ప్రకారం తెల్లారుజామున మూడు దాటింది, నేను గట్టు మీద ఒక్కడ్నే అరిస్తే పక్క గుంట కాపలా ఆయన ఏందో అయిపోయిందని టార్చిలైటు ఏసుకోని పరిగెత్తుకొచ్చాడు. ఆ రాత్రి అనుకున్నా, ఈ మనిషి వల్ల అవుద్ది అని. తర్వాత నెల బిల్బావోలో అదే యూరోపా లీగ్ ఫైనల్, లీగ్‌లో మనకన్నా కింద, పదిహేడో స్థానంలో ఉన్న స్పర్స్ మీద 1-0 ఓటమి. దాన్నీ మింగేశా.

ఈ ఎండాకాలం కొత్త ఆటగాళ్లు కున్యా, ఎంబ్యూమో, షెష్కో, ముగ్గురికీ కలిపి 200 మిలియన్ పౌండ్లకి పైమాటే పోశారు. అడిగిన టైపు ఆటగాళ్లు వచ్చారు, యూరప్ మ్యాచ్‌లు లేవు కాబట్టి వారం వారం ప్రాక్టీసుకి టైమ్ ఉంది. ఇంకేం అడ్డం? ఆగస్టు 27 నేను చచ్చేదాకా మర్చిపోను, పొద్దున అమెరికా 50 శాతం సుంకం అమల్లోకొచ్చింది, రొయ్య రేటు ఏమైపోద్దోనని ఊరంతా తలపట్టుకోని ఉంటే, ఆ రాత్రే లీగ్ కప్‌లో నాలుగో అంచె టీమ్ గ్రిమ్స్‌బీ చేతిలో 2-2 అయ్యి పెనాల్టీల్లో 12-11తో పోయాం. లీగ్‌లో మాంచెస్టర్ సిటీ మీద 3-0 ఓటమి. చెల్సీ మీద గెలిచాం అనుకుంటే వాళ్ల గోలీ ఐదో నిమిషంలోనే రెడ్ కార్డు తీసుకున్నాడు. నిన్న బ్రెంట్‌ఫోర్డ్ 3-1. లీగ్‌లో ఆరు మ్యాచ్‌లు, ఏడు పాయింట్లు. ఆయనొచ్చినాక లీగ్‌లో 33 మ్యాచ్‌లు ఆడాం, 34 పాయింట్లు వచ్చాయి, 17 ఓడిపోయాం, వరసగా రెండు మ్యాచ్‌లు గెలిచింది ఒక్కసారీ లేదు. ఒక్కసారన్నా!

నాకు కడుపు మండేది ఏందంటే ప్రతిసారీ ఒకే రకంగా ఓడిపోతా ఉండాం. మధ్యలో ఇద్దరే, బ్రూనో, కాసెమీరో, అవతల ముగ్గురు, బాల్ వాళ్ల మధ్యలోంచి పోతా ఉంటే మనోళ్లు వెనకాల పరిగెత్తడం. ఇంత చూసి కూడా వెనక ముగ్గురు, మధ్యలో నలుగురు (అందులో ఇద్దరు పక్కలకి), ముందు ముగ్గురు అనే ఆ 3-4-3 మార్చడు, పోప్ వచ్చి చెప్పినా మార్చడంట, మొన్న ప్రెస్‌మీట్‌లో ఆయనే అన్నాడు. మేం రోజూ చెక్ ట్రే (మేత తింటున్నాయో లేదో చూడ్డానికి నీళ్లల్లో దించే పళ్లెం) లేపి చూస్తాం, మేత మిగిలిందంటే తర్వాత పూట తగ్గిస్తాం, రొయ్య ఏం చెబితే అది ఇనాల్సిందే. ట్రేలో మేత కుళ్లిపోతా ఉంటే నా చార్టులో ఇంత రాసుంది కాబట్టి ఇంతే ఏస్తా అనేవాడికి ఒక్క పంటన్నా చేతికొస్తాదా?

మా అన్న కొడుక్కి తొమ్మిదేళ్లు. వాడికి ఈ పిచ్చి ఎక్కించింది నేనే, ట్రంక్ రోడ్డులో ఎర్ర జెర్సీ కొనిచ్చి వెనకాల కున్యా నంబర్ పది ఏయించా. నిన్న మూడో గోల్ పడినాక మెల్లిగా అడిగాడు, బాబాయ్, స్కూల్లో అందరూ సిటీ, మాడ్రిడ్ అంటారు, మనం ఎప్పుడు గెలుస్తాం అని. నా దగ్గిర జవాబు లేదు.

ఆయన్ని నమ్మడానికి ఇంకా ఏదన్నా కారణం ఉంటే చెప్పండి, నిజంగానే అడగతా ఉండా.


ఒంగోలు పీఈటీ

తమ్ముడూ, నేను హైస్కూల్లో పిల్లలకి ఫుట్‌బాల్ ఆడిస్తా, నాకు తెలిసినంత చెప్తాను. 3-4-3 అనేది చెడ్డ పద్ధతి కాదు. ఇదే పద్ధతిలో ఆయన పోర్చుగల్‌లో స్పోర్టింగ్ క్లబ్‌ని 2021లో ఛాంపియన్ చేశాడు, 19 ఏళ్ల తర్వాత వాళ్లకొచ్చిన లీగ్ అది, మళ్లీ 2024లో ఇంకోటి. కాకపోతే పోర్చుగల్‌లో స్పోర్టింగ్ ఎదురుగా వచ్చే టీముల్లో చాలావరకు భయపడి వెనక్కి తగ్గి ఆడతాయి, అక్కడ మధ్యలో ఇద్దరున్నా సరిపోద్ది, ఎందుకంటే బాల్ ఎప్పుడూ స్పోర్టింగ్ దగ్గరే ఉంటది. ఇంగ్లండ్‌లో అడుగు స్థానం టీమ్ కూడా ముగ్గురు మిడ్‌ఫీల్డర్లతో మీదికొచ్చేస్తది. అప్పుడు ఆ ఇద్దరూ ఊపిరి తీసుకోకుండా పరిగెత్తగలగాలి. కాసెమీరోకి 33 ఏళ్లు, బ్రూనోకి 31, పైగా బ్రూనో సహజంగా ముందుకి పోయి గోల్ చేయించే మనిషి, ఆయన్ని కిందకి లాగి కాపలా పెడితే ముందూ పోయింది, వెనకా పోయింది. మెయినూ లాంటి 20 ఏళ్ల కుర్రాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టడం మాత్రం నాకు అస్సలు అర్థం కాదు, ఈ సీజన్లో లీగ్‌లో ఒక్క మ్యాచ్‌కి కూడా మొదటి నుంచి దించలేదు.

అయితే ఒకటి. నిన్నటి మొదటి గోల్ చూడు, బ్రెంట్‌ఫోర్డ్ హెండర్సన్ వెనక నుంచి ఒక పొడుగు బాల్ వేశాడు, మన మగ్వైర్ వాళ్లని ఆఫ్‌సైడ్‌లో పడెయ్యాలని ముందుకొచ్చాడు, మిగతా డిఫెండర్లతో లైన్ కలవలేదు, వాళ్ల తియాగో గోల్ ముందు ఒక్కడే మిగిలాడు. అది పద్ధతి తప్పు కాదు, ఒక్క సెకను ఏమరుపాటు. ఫుల్‌హామ్ మీద పెనాల్టీ పోయింది, నిన్న 2-1 ఉన్నప్పుడు ఇంకో పెనాల్టీ పోయింది, రెండూ బ్రూనోనే. ఆర్సెనల్ మీద షాట్లు మనవే ఎక్కువ, కార్నర్‌లో మన గోలీ తడబడి ఓడిపోయాం. కొత్తగా కొన్న గోలీ లామెన్స్‌కి ఇంతవరకు ఒక్క మ్యాచ్ ఇవ్వలేదు. ఈ చిన్న చిన్నవి సర్దుకుంటే పాయింట్లు ఖచ్చితంగా పెరుగుతాయి, కానీ మధ్యలో ఆ గుంత మాత్రం అట్టాగే ఉంటది. నేనైతే మనిషిని ఉంచమంటా, మధ్యలో ఇంకొకణ్ణి పెట్టమంటా. మా పిల్లలక్కూడా ఎదుటి టీమ్‌ని చూసి అవసరమైతే హాఫ్‌టైమ్‌లో మార్చుకోమనే నేర్పిస్తాం కదా.


మార్కాపురం గన్నర్

నేను ఆర్సెనల్ ఫ్యాన్ అన్నా, ఏడిపించడానికి రాలేదు, మేము ఇదంతా పడ్డాం కాబట్టి రాస్తున్నా. మా కోచ్ ఆర్టెటా 2019 డిసెంబర్‌లో వచ్చాడు, వరసగా రెండు సీజన్లు ఎనిమిదో స్థానం. 2021 ఆగస్టులో మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడి ఒక్క గోల్ కూడా కొట్టకుండా లీగ్‌లో అందరికంటే అడుగున ఉన్నాం. నేను అప్పుడు ఆయన్ని తిట్టని తిట్టు లేదు, ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తది. క్లబ్ ఆగింది, మాట వినని పెద్ద ఆటగాళ్లని పంపించి కుర్రాళ్లని పెట్టుకుంది, తర్వాత మూడు సీజన్లు వరసగా రెండో స్థానం. మీ పాత కోచ్ ఫెర్గూసన్ కూడా 1986లో వచ్చినోడు 1989లో పదకొండో స్థానం, 1990లో పదమూడో స్థానం, ఆ ఏడు ఎఫ్ఏ కప్ వచ్చేదాకా ఆయన్నీ పొమ్మన్నవాళ్లు ఉన్నారు. ఇంకొక్క ఏడాది ఇచ్చి చూడండి.


కందుకూరు కుర్రోడు

ఎనిమిదో స్థానం వేరు బ్రో, పదిహేనో స్థానం వేరు. ఆర్టెటా మొదటి ఏడే ఎఫ్ఏ కప్ తెచ్చాడు అది చెప్పవేంది. నాకైతే చాలు, ఇంక ఆయన్ని చూడలేను, అక్టోబర్‌లో దేశాల మ్యాచ్‌ల కోసం లీగ్ ఆగే బ్రేక్ రాకముందే పంపించేయాలి.


కావలి నుంచి

అందరూ కోచ్ మీదే పడతున్నారు, కాస్త పైకి చూడండి. ఫెర్గూసన్ 2013లో రిటైర్ అయినాక మోయెస్, వాన్ గాల్, మొరీన్యో, సోల్షేర్, టెన్ హాగ్, ఇప్పుడు అమోరిమ్, పర్మనెంట్ వాళ్లే ఆరుగురు. ఒకాయన బాల్ దగ్గర పెట్టుకొని ఆడాలంటాడు, తర్వాతాయన వెనక గోడ కట్టాలంటాడు, ఇంకొకాయన పరిగెత్తి కొట్టాలంటాడు, ప్రతి ఒక్కరికీ ఆటగాళ్లని కొంటారు, ఆయన పోగానే ఆ ఆటగాళ్లు పనికిరాకుండా పోతారు. ఒకే ఇంట్లో ఆరుగురు మేస్త్రీలు ఆరు రకాల గోడలు లేపితే ఆ ఇల్లు ఎట్టా ఉంటదో టీమ్ అట్టా ఉంది. 2005లో ఓనర్లు గ్లేజర్లు అప్పు చేసి క్లబ్‌ని కొని ఆ అప్పు క్లబ్ నెత్తినే పెట్టారు, ఇన్నేళ్లు వడ్డీలు కట్టిన డబ్బులతో ఎంత చేసుండొచ్చు.

క్లబ్‌లో వాటా కొని రాట్‌క్లిఫ్ వచ్చినాక మారతదనుకున్నా. ఏం చేశారు? 2024 జూలైలో టెన్ హాగ్ కాంట్రాక్ట్ పొడిగించి అక్టోబర్‌లో తీసేశారు. ఆష్‌వర్త్‌ని ఏరికోరి డైరెక్టర్‌గా తెచ్చి ఐదు నెలలకే పంపించారు. వందల మంది మామూలు ఉద్యోగుల్ని ఇంటికి పంపించారు, సీజన్ మధ్యలో టికెట్ 66 పౌండ్లు చేసి పిల్లలకి, పెద్దవాళ్లకి కూడా తగ్గింపు తీసేశారు, నాకు అదే ఎక్కువ కోపం. అమోరిమ్ సీజన్ అయినాక వస్తా అంటే ఇప్పుడైతేనే రా, లేకపోతే లేదు అన్నారంట, ఆ మాట ఆయనే చెప్పాడు. ఆయన 3-4-3 తప్ప ఇంకోటి ఆడడని తెలిసే తెచ్చుకున్నారు కదా, అప్పుడు టీమ్‌లో ఆ పద్ధతికి పక్కల్లో పైకీ కిందకీ పరిగెత్తే మంచి వింగ్‌బ్యాక్ ఒక్కడు కూడా లేడు. ఆయన మొండితనం నాకూ నచ్చదు. కానీ ఆయన్ని తీసేస్తే పైవాళ్లు మళ్లీ చేతులు దులుపుకుంటారు, ఏడో ఆయన వస్తాడు, మనం రెండేళ్లకి మళ్లీ ఇదే మాట్లాడుకుంటాం.

మీ అన్న కొడుక్కి లియాన్ మ్యాచ్ ఆఖరి పది నిమిషాలు చూపించండన్నా. మా పాపకి నేను అదే చూపించా, మళ్లీ పెట్టు మళ్లీ పెట్టు అని నాలుగుసార్లు చూసింది.


ఇందుకూరుపేట రెడ్

అందరికీ థ్యాంక్స్, రాత్రి గట్టు మీద కూర్చోని ప్రతి రిప్లై రెండుసార్లు చదివా.

కావలి అక్కా, మీరు చెప్పిన ఆరుగురు మేస్త్రీల మాట నిజం, నేను కోపంలో పైవాళ్లని మర్చిపోయా. మార్కాపురం తమ్ముడూ, నువ్వు పెద్దమనసుతో రాశావు, కానీ నీ మాట మాత్రం నాకు పూర్తిగా ఎక్కలా. ఆర్టెటా ఆ రోజుల్లో ఓడినా మారతా వచ్చాడు, ఒకప్పుడు వెనక ముగ్గురితో ఆడించి తర్వాత నలుగురికి మార్చాడు, కుర్రాళ్లని నమ్మాడు. టైమ్ ఇవ్వడానికి నేను రెడీ, ఆ టైమ్‌లో నేర్చుకుంటా ఉండాడని కనపడాల కదా. మాస్టారు చెప్పినట్టు మధ్యలో ఇంకొకణ్ణి పెట్టి, మెయినూని దించి, లామెన్స్‌ని గోల్‌లో నిలబెట్టి చూపిస్తే పది మ్యాచ్‌లు ఓడినా నేను ఆయన పక్కనే ఉంటా. అట్టా కాకుండా ఇదే టీమ్ ఇదే గుంతతో వచ్చే నెలంతా ఆడితే కందుకూరు తమ్ముడి మాటే నా మాట, చెప్పడానికి బాధగా ఉండాది గానీ అంతే.

పిల్లోడికి సాయంత్రం లియాన్ మ్యాచ్ చూపించా. మగ్వైర్ గోల్ కాడ వాడు మంచం మీద నుంచి కిందకి దూకాడు, తర్వాత అడిగిన ప్రశ్న ఏందంటే, బాబాయ్, మరి వీళ్లే కదా, నిన్న ఎందుకు అట్టా ఆడలా?

శనివారం ఏడున్నరకి సండర్లాండ్ మ్యాచ్, మన గ్రౌండ్‌లోనే. అదే రోజు పెద్ద గుంట పట్టుబడి పెట్టుకున్నాం, వ్యాన్ ఎన్నింటికి వస్తదో తెలీదు. ఫస్ట్ హాఫ్ పోయినా సెకండ్ హాఫ్‌కి వస్తా. ఎవరన్నా టీమ్ లిస్ట్ రాగానే ఇక్కడ పెట్టండి, మధ్యలో ఎవరు ఉండారో ముందు అది చూడాల నేను.