‘అ’కూ ‘ఆ’కూ తేడా పట్టుకోలేకపోతున్న బాబుకు ఇంట్లో చదువు ఎలా మొదలుపెట్టాలి?

సత్యనారాయణపురం అమ్మ, రాత్రి 11.40

అందరికీ నమస్కారం. ఈ సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిదింటి దాకా మా బాబును ఎదురుగా కూర్చోబెట్టుకొని ‘అ’, ‘ఆ’ అనే రెండే రెండు అక్షరాలతో కుస్తీ పట్టాను. బొమ్మ ఉన్న కార్డు చూపిస్తే ‘అమ్మ’ అంటాడు. బొమ్మను చేత్తో మూసి అక్షరం ఒక్కటే చూపిస్తే, నా వేళ్ల సందుల్లోంచి బొమ్మ కనబడుతుందేమోనని తొంగి చూస్తాడు. రెండు కార్డులూ తారుమారు చేస్తే రెండింటినీ ‘అ’ అంటాడు, లేదా రెండింటినీ కిందికి తోసేసి నవ్వుతాడు. చివరకు నేను కసురుకున్నాను, వాడు బిక్కమొహం వేసి అన్నం తినకుండానే పడుకున్నాడు. నెల రోజులుగా ఇదే తంతు. దసరాల్లో మూలా నక్షత్రం నాడు ఇంద్రకీలాద్రిపై సరస్వతీ అలంకారంలో ఉన్న అమ్మవారిని చూపించి, ఇంటికి వచ్చి పలక కూడా పట్టించాము. బాబుకు డౌన్ సిండ్రోమ్ ఉంది, అంటే పుట్టుకతోనే ఉండే స్థితి, ఎదుగుదలా మాటా నేర్చుకోవడమూ నెమ్మదిగా సాగుతాయి. ఇటువంటి పిల్లలకు అసలు చదువు వస్తుందా? వస్తే ఇంట్లో ఎక్కడ మొదలుపెట్టాలి? బడిలో అడిగితే ‘తొందరేముందమ్మా’ అంటున్నారు.

వినికిడి పరీక్షలు చేసే వ్యక్తి, గుంటూరు, రాత్రి 11.52

బాబు వయసెంత? చివరిసారి వినికిడి పరీక్ష ఎప్పుడు చేయించారు? ఈ రెండూ చెప్పకుండా అడిగితే ఎవరమూ ఏమీ చెప్పలేము.

బ్రాడీపేట మాస్టారు, ఉదయం 5.35

అమ్మా, ముప్పై నాలుగేళ్లు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసినవాడిగా చెబుతున్నాను. తప్పు మీ బాబుది కాదు, బొమ్మల కార్డులది. మా రోజుల్లో పళ్లెంలో బియ్యం పోసి, పిల్లవాడి చూపుడువేలు మన చేత్తో పట్టుకొని ‘ఓం నమః శివాయ’ అని దిద్దించేవాళ్లం. చేతికి పట్టుబడిన అక్షరమే కంటికి పట్టుబడుతుంది, ఆ తరువాతే నోటికి వస్తుంది. ఇప్పుడు బలపం పట్టే పిల్లవాడు ఎక్కడా కనిపించడం లేదు. సుద్దముక్క కూడా పోయి తెల్లబోర్డులూ మార్కర్లూ వచ్చాయి, వేళ్లలో బలం లేదు, అందుకే పదో తరగతి పిల్లలు సైతం ‘ఘ’ రాయమంటే ‘మ’ రాస్తున్నారు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకైతే దిద్దడం మరీ ముఖ్యం. రోజుకు ఒక అక్షరం చొప్పున, నూరుసార్లు దిద్దించండి. ఏబై ఆరు అక్షరాలూ అయ్యాకే గుణింతాల జోలికి వెళ్లాలి.

సత్యనారాయణపురం అమ్మ, ఉదయం 9.10

క్షమించండి, నిన్న చిరాకులో రాశాను. బాబుకు ఐదేళ్ల ఎనిమిది నెలలు. ఇంగ్లీషు మీడియం ఎల్.కె.జి.కి వెళ్తున్నాడు. ఏడాది నిండే లోపల గుండెకు ఆపరేషన్ జరిగింది, ఇప్పుడు బాగానే ఉన్నాడు. మాటలు నలభై దాకా వచ్చు, ‘అమ్మ పాలు’, ‘తాత బండి’ లాంటి రెండేసి మాటలు కలుపుతాడు, మనం చెప్పేదైతే చాలావరకు అర్థమవుతుంది. చెవుల్లో నీరు చేరిందని రెండేళ్ల క్రితం అన్నారు, మందులు వాడాము, తగ్గే ఉంటుంది. మాస్టారు గారూ, దిద్దించడానికి ప్రయత్నించాను కానీ మూడోసారికే చేయి వెనక్కి లాక్కుంటాడు.

వినికిడి పరీక్షలు చేసే వ్యక్తి, గుంటూరు, ఉదయం 9.26

‘తగ్గే ఉంటుంది’ అన్నది పరీక్ష కాదు. ఈ పిల్లలకు చెవి రంధ్రం సన్నగా ఉంటుంది, మధ్య చెవిలో ద్రవం తరచుగా నిలిచిపోతుంది, నొప్పి ఉండదు కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియదు. జలుబు చేసిన వారం ఒకలాగా, చేయని వారం మరొకలాగా వినిపిస్తుంది. హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా వినబడని పిల్లవాడిని ‘అ’, ‘ఆ’ వేరుచేయమనడం ఏమి న్యాయం? ముందు టింపనోమెట్రీ, అంటే మధ్య చెవిలో ద్రవం ఉందేమో చూసే పరీక్ష, చేయించండి, కొన్ని నిమిషాల పని. ఏటా వినికిడి, చూపు, థైరాయిడ్ చూపించాలి. దగ్గరి వస్తువుపై చూపు నిలపడం ఈ పిల్లల్లో చాలామందికి కష్టం, కొందరికి బైఫోకల్ (దూరానికీ దగ్గరికీ వేర్వేరు పవరు ఉండే) కళ్లద్దాలు పెట్టాక గాని పుస్తకం కనబడదు.

పటమట పెద్దక్క, మధ్యాహ్నం 2.15

మా అమ్మాయికి ఇప్పుడు పదమూడేళ్లు, డౌన్ సిండ్రోమే. ఈ రోజు ఉదయం దినపత్రికలో శీర్షిక చదివి ‘వాన’ అని కిటికీలోంచి చూసింది కాబట్టి, చదువు వస్తుందా అన్న మీ మొదటి ప్రశ్నకు నా జవాబు వస్తుందనే. అందరికీ ఒకే వయసులో, ఒకే మేరకు రాదు, అంతే.

మీరు రెండున్నర గంటలు కూర్చోబెట్టడం ఒక పొరపాటు, ‘అ’నూ ‘ఆ’నూ పక్కపక్కన పెట్టడం రెండో పొరపాటు. ఈ రెండూ నేనూ చేసినవే. ఈ పిల్లలకు చెవితో విన్నది మనసులో నిలుపుకోవడం కష్టం, కంటితో చూసింది చాలా మేలుగా నిలుస్తుంది. అక్షరానికి అర్థం ఉండదు, శబ్దం మాత్రమే ఉంటుంది, అంటే వాళ్లకు కష్టమైన వైపు నుంచే మనం మొదలుపెడుతున్నామన్నమాట. అందుకని అక్షరంతో కాకుండా, బాబుకు ప్రాణమైన మాటలతో మొదలుపెట్టండి. వాడి పేరు, అమ్మ, తాతయ్య, పాలు, బండి, ఈ ఐదూ చాలు. ‘నాన్న’, ‘నానమ్మ’ రెండింటినీ ఒకేసారి పెట్టకండి, మా ఇంట్లో ఆ రెండింటి దగ్గర మూడు వారాలు పోయాయి. ఒత్తులు ఉన్నాయే, పిల్లవాడికి కష్టమేమో అని భయపడకండి. ‘అమ్మ’లో మకు మ ఒత్తు ఉందని వాడికి చెప్పాల్సిన అవసరం ఇప్పుడు లేదు, ఆ మాట మొత్తం ఒక ముఖంలాగా గుర్తుంటుంది.

చేయవలసిన క్రమం ఇది. మొదట జత చేయడం: ‘అమ్మ’ అని రాసిన అట్టముక్కను, అదే మాట రాసిన మరో అట్టముక్క మీద పెట్టించాలి. తరువాత ఎంచడం: రెండు ముక్కలు పెట్టి ‘పాలు ఏది, తీసి ఇవ్వు’ అనాలి. చిట్టచివర చెప్పడం: ‘ఇది ఏమిటి’ అని అడగాలి. మొదటి రెండింటికీ నోరు విప్పాల్సిన పని లేదని గమనించండి. మాట స్పష్టంగా పలకలేని పిల్లవాడు మాటను గుర్తించలేడని మనం అనుకుంటాము, అది నిజం కాదు. తప్పు ముక్క వైపు చేయి వెళ్తుంటే ‘కాదు’ అనకుండా, చేయి దారి మళ్లించి సరైన ముక్క మీద పెట్టించి, ‘పాలు, తెచ్చేశావు’ అనండి. ఐదు నిమిషాలు పొద్దున, ఐదు నిమిషాలు సాయంత్రం. వాడు ఇంకా కావాలన్నప్పుడే ఆపేయాలి.

బొమ్మ సంగతి. ఒకే కార్డు మీద బొమ్మా అక్షరమూ ఉంటే పిల్లవాడు బొమ్మనే చదువుతాడు, ఎవరైనా అంతే. ఫొటో వేరే, మాట వేరే అట్టముక్కల మీద ఉండాలి. మీకు నవ్వు వచ్చే సంగతి ఒకటి చెబుతాను. మా అమ్మాయి ‘నాన్న’ అన్న ముక్కను రెండు వారాలు ఒక్కసారి కూడా తప్పకుండా తీసేది, మేము స్వీట్లు కూడా పంచాము. ఒక రోజు ఆ ముక్క పప్పులో పడి పాడైతే కొత్తది రాసి పెట్టాను, దానిని ముఖం తెలియనట్టు చూసింది. పాత ముక్కకు ఒక మూల మడత పడి ఉందని, తను ఇన్నాళ్లూ చదివింది ఆ మడతనని అప్పుడు తెలిసింది. అందుకని ప్రతి మాటకూ మూడు ముక్కలు రాసి, మార్చి మార్చి వాడండి.

బ్రాడీపేట మాస్టారు, సాయంత్రం 4.05

అమ్మా, మీ అనుభవాన్ని గౌరవిస్తూనే ఒక మాట చెప్పాలి. మీరు చెప్పినదానిని చదవడం అనరు, గుర్తుపట్టడం అంటారు. మడత పడిన మూలను చూసి ‘నాన్న’ అన్నట్టే, రేపు ‘పాలు’ ముఖం చూసి ‘పాలు’ అంటుంది, కానీ ‘పాము’ అని రాసి ఇస్తే ఏమి చేస్తుంది? అక్షరం విడదీసి కలపగలిగితేనే చదువు. పైగా బుద్ధిమాంద్యం ఉన్నవారికి ఇలా బట్టీ అలవాటు చేస్తే తరువాత మాన్పించలేము.

లక్ష్మీపురం నాన్న, సాయంత్రం 4.40

మాస్టారు గారూ, ‘బుద్ధిమాంద్యం’ అన్న మాటను దయచేసి ఇక వాడకండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, అందులో ఉన్న మాట ‘మేధో వైకల్యం’. ఈ పిల్లలకు పూర్వం పెట్టిన పేరు ఒక జాతిని కించపరిచేదిగా ఉందని మంగోలియా దేశమే 1965లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెప్పి మాన్పించింది. 1866లో దీనిని మొదట వర్ణించిన వైద్యుడి పేరుతో మిగిలిన పదమే డౌన్ సిండ్రోమ్, కణాల్లో 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడుగా ఉండటమే కారణమని తేల్చింది 1959లో. మాట మారితే చూపు మారుతుంది. అలాగే ‘డౌన్ పిల్లలు’ అనకుండా ‘డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు’ అనాలి. ఆ తల్లికి ఇంకొకటి: కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం తీసుకుంటే ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత విద్యకు హక్కు ఉంది. మీకు దగ్గరలో ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు, వెళ్లి కలవండి.

బ్రాడీపేట మాస్టారు, సాయంత్రం 5.02

నేను అవమానించాలని అనలేదు. మా శిక్షణ పుస్తకాల్లో ఆ మాటే ఉండేది. మాట మార్చినంత మాత్రాన ఆ బాబుకు ‘అ’ వస్తుందా?

లక్ష్మీపురం నాన్న, సాయంత్రం 5.09

రాదు. ఆ మాట విని తల్లి ఇంకోసారి ఏడవకుండా మాత్రం ఉంటుంది.

పటమట పెద్దక్క, రాత్రి 9.30

మాస్టారు గారి ‘పాము’ ప్రశ్న న్యాయమైనదే కాబట్టి దానికి జవాబు చెప్పి ఊరుకుంటాను. ఆయన చెప్పిన విడదీసి కలపడం అవసరం లేదని నేను అనలేదు, అది రెండో మెట్టు అంటున్నాను. ఈ పద్ధతి నా సొంతం కూడా కాదు. 1980 ప్రాంతంలో బ్రిటన్‌లో ఒక తండ్రి, తన కూతురు మూడేళ్ల నుంచి ఇంట్లో మాటల కార్డులతో చదవడం నేర్చుకుందని పోర్ట్స్‌మత్‌లోని స్యూ బక్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తకు ఉత్తరం రాశారు. ఈ పిల్లలకు చదువు రాదని లోకమంతా అనుకుంటున్న రోజులవి. ఆమె దానిని కొట్టిపారేయకుండా పరిశీలించడం వల్లనే ఈ దారి తెరుచుకుంది. తరువాత 2012లో అక్కడివారే 57 మంది పిల్లలతో చేసిన పరీక్షలో, రోజుకు 40 నిమిషాలు మాటలతో పాటు శబ్దాలనూ కలిపి నేర్పితే చదవడం, శబ్దాలను కలపడం రెండూ మెరుగుపడ్డాయని తేలింది. అంటే మాస్టారు గారిది సగం, నాది సగం.

మన తెలుగులో ఆ రెండో మెట్టు ఎక్కడం సులువు, ఎందుకంటే మన అక్షరమే ఒక పలుకు. మా అమ్మాయికి ముప్పై మాటలు వచ్చాక ‘పడవ’ అన్న ముక్కను తన కళ్ల ముందే కత్తెరతో మూడుగా కత్తిరించాను. మొదట చిన్నబుచ్చుకుంది. ఆ మూడు ముక్కలనూ కలిపి మళ్లీ పడవ చేశాము. తరువాత ‘ప’ను పక్కకు తీసి, మిగిలిన రెండింటినీ అటూ ఇటూ మార్చాను. కాసేపు చూసి, చూసి, ‘వడ’ అంది. నేను చెప్పని మాట, ఎక్కడా చూడని మాట. ఆ సాయంత్రం మినప్పప్పు నానబోయక తప్పలేదు. ‘పాలు’ తెలిసి, ‘అమ్మ’లో మ తెలిసి, ‘మామ’ వచ్చాక ‘పాము’ ఎంతో దూరం ఉండదు మాస్టారు గారూ.

రాత సంగతి వేరు. ఈ పిల్లలకు కండరాలు వదులుగా, వేళ్లు పొట్టిగా ఉంటాయి, రాత వచ్చేదాకా చదువును ఆపి కూర్చోబెడితే ఏళ్లు పోతాయి. దిద్దుడు బియ్యంలోనే జరగనివ్వండి, ఆటగా, వేరే పూట. బడిలో ఇంగ్లీషు ఉందని భయపడకండి, రెండు భాషలు వినడం వల్ల ఈ పిల్లల మాటకు నష్టం లేదు, కానీ చదువు మాత్రం ఇంట్లో మాట్లాడే మాటతోనే మొదలుపెట్టండి.

బ్రాడీపేట మాస్టారు, రాత్రి 9.58

పడవలో వడ బాగుంది. అయితే ఆ ముక్కల మీద అక్షరాలు గుండ్రంగా, తలకట్టు విడిగా కనబడేలా రాయాలి. ఈ కాలం వారు తలకట్టును అక్షరానికి అంటించేస్తున్నారు. బలపంతో అలవాటైన చేయి అయితే అలా రాయదు.

వినికిడి పరీక్షలు చేసే వ్యక్తి, గుంటూరు, రాత్రి 10.03

పరీక్ష చేయించారా?

సత్యనారాయణపురం అమ్మ, పన్నెండు రోజుల తరువాత, రాత్రి 10.20

ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి. కుడి చెవిలో ద్రవం ఇంకా ఉందన్నారు, మూడు నెలలు చూసి చెబుతామన్నారు, కళ్లకు వచ్చే వారం. అంతవరకు ఎడమ వైపు కూర్చుని మాట్లాడుతున్నాను. ‘బండి’, ‘పాలు’ జత చేస్తున్నాడు, ‘తాతయ్య’ ముక్కను మాత్రం తీసుకెళ్లి తాతయ్య జేబులో పెట్టి వస్తున్నాడు, అది ఎంచడం కింద వస్తుందో జత చేయడం కింద వస్తుందో తెలియలేదు. అందరికీ ధన్యవాదాలు. పెద్దక్క గారూ, ముక్కలు చింపేస్తున్నాడు, లామినేషన్ చేయిస్తే లైటు పడి మెరిసి కనబడకుండా పోతాయా?