ఇన్సూరెన్స్ రికవరీ కేసుల మీదే ప్రాక్టీస్ పెట్టుకోవచ్చా?

గుంటూరు జూనియర్:
అందరికీ నమస్తే. మా సీనియర్ గారు ఓ ఇన్సూరెన్స్ కంపెనీ ప్యానెల్లో ఉన్నారు, ఎంవీఓపీల్లో, అంటే రోడ్డు ప్రమాదాల నష్టపరిహారం కేసుల్లో, వాయిదాలు తీసుకోవడమే నా పని. ఈమధ్య వేరే రకం ఫైలొకటి చేతికొచ్చింది, లారీలో వెళ్తున్న మిర్చి టిక్కీలు (బస్తాలు) వానకి తడిసిపోతే ఇన్సూరెన్స్ కంపెనీ సరుకు ఓనర్‌కి డబ్బు కట్టేసి, ఇప్పుడది ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళ దగ్గర రాబట్టమంటోంది. సబ్రోగేషన్ అంటారట. నాకైతే భలే నచ్చింది, దీని మీదే కెరీర్ పెట్టుకుంటే కూడు పెడుతుందా?

సికింద్రాబాద్ వకీలు:
పెడుతుంది తమ్ముడూ, కాస్త ఆలస్యంగా. ముందు ఆ ఫైల్లో ఎల్ఆర్, అదే లారీ రసీదు, తీసి బుకింగ్ డేట్ చూడు. 2007 క్యారేజ్ బై రోడ్ యాక్ట్ సెక్షన్ 16 ప్రకారం బుకింగ్ అయిన రోజు నుంచి 180 రోజుల్లోపు ట్రాన్స్‌పోర్ట్‌కి రాతపూర్వకంగా నోటీసు వెళ్ళాలి, క్లెయిమ్ కట్టిన రోజు నుంచి కాదు. కంపెనీ వాళ్ళేమో సర్వే, రిపోర్టు, సెటిల్మెంటు అన్నీ అయ్యాక తీరిగ్గా పంపుతారు, అప్పటికే ఓనర్ నోటీసు ఇచ్చి ఉంటే బతికాం, లేదంటే దావా అక్కడే పోయినట్టు. తర్వాత సరుకు విలువ డిక్లేర్ చేసి ఎక్కువ రిస్క్ రేటు కట్టారా చూడు, కట్టకపోతే 2011 రూల్స్ ప్రకారం ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళ బాధ్యత కిరాయికి పది రెట్ల దగ్గర ఆగిపోతుంది, 18 లక్షల సరుకుకి 30 వేలు కిరాయి అయితే ఎంతొస్తుందో నువ్వే లెక్కేసుకో. మనకి కలిసొచ్చేది ఒకటుంది, వాళ్ళ నిర్లక్ష్యాన్ని మనం ప్రూవ్ చెయ్యక్కర్లేదు.

దావా ఎవరి పేరు మీద వెయ్యాలో 2010లో చరణ్ స్పిన్నింగ్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల బెంచ్ తేల్చింది, పదిసార్లు చదువు. ఓనర్ తన హక్కుని కంపెనీకి పూర్తిగా రాసివ్వని ఉత్త సబ్రోగేషన్ అయితే ఓనర్ పేరుతోనో, ఓనర్‌తో కలిసో వెయ్యాలి.

ఇంక డబ్బంటావా, కంపెనీ ఫీజు షెడ్యూల్ ప్రకారమే. డిక్రీ వచ్చాక దాన్ని అమలు చేయించే ఈపీ వేస్తే అప్పటికి లారీ ఎవరి పేరు మీదికో మారిపోయి ఉంటుంది, అది ఇంకో కథ.

క్లెయిమ్స్ టేబుల్:
నేను కంపెనీ సైడ్. వకీలు గారు చెప్పింది కరెక్టే, ఫైళ్ళు లేట్‌గానే పంపుతాం, ఒప్పుకుంటా 😄 కానీ ఫైర్ కేసుల్లో ఇంకా ఘోరం. గోడౌన్ కాలితే సర్వేయర్ రిపోర్టులో "షార్ట్ సర్క్యూట్ అయి ఉండొచ్చు" అని ఒక్క లైన్ ఉంటుంది, అక్కడ కరెంటు ప్యానెల్ బోర్డు బిగించిన కాంట్రాక్టర్ మీద వేద్దామంటే మాడిపోయిన బోర్డు సాల్వేజ్ కింద తుక్కు కొట్టుకి వెళ్ళిపోయి ఉంటుంది. ఏం చూపించి గెలుస్తారు? ఇంకోటి, ప్రతి క్లెయిమ్‌కీ రికవరీ ఉంటుందనుకోకండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు బోలెడు క్లెయిములొచ్చాయి, వరద మీద దావా వెయ్యలేం కదా.

ఫిలడెల్ఫియా తెలుగోడు:
అమెరికాలో ఇది పూర్తిస్థాయి స్పెషాలిటీ అండీ, వీటికే పెద్ద టీములున్న ఫర్ములున్నాయి. ఇల్లు కాలితే అనుమానం ఉన్న ప్రతి కంపెనీకీ ముందే నోటీసు వెళ్తుంది, వాళ్ళ ఎక్స్‌పర్టులు వచ్చేదాకా శిథిలాల్లో వస్తువు కదపకూడదు, కదిపామా సాక్ష్యం పాడుచేశామని మన మీదే పడతారు. వాటా మీద ఫీజు కూడా ఇక్కడ మామూలే, ఇండియాలో వకీళ్ళకి అది కుదరదు. కాలిఫోర్నియా కార్చిచ్చుల కేసుల్లో పీజీ అండ్ ఈ కరెంటు కంపెనీ 2019లో ఇలాంటి క్లెయిములకే 11 బిలియన్ డాలర్లకి సెటిల్ చేసుకుంది.

గుంటూరు జూనియర్:
ఎల్ఆర్ చూశా సార్. ఓనర్ నోటీసు ఇవ్వలేదు, ట్రాన్స్‌పోర్ట్ మేనేజర్‌కి వాట్సాప్‌లో తడిసిన టిక్కీల ఫొటోలు పెట్టి "సరుకు పోయింది, మీదే బాధ్యత" అని కొట్టాడంతే. అది సరిపోద్దా? బుకింగ్ అయ్యి ఐదు నెలలు దాటింది.

సికింద్రాబాద్ వకీలు:
ఐదు నెలలేగా, ఇంకా టైముంది. వాట్సాప్ సంగతి తర్వాత వాదించుకోవచ్చు. ఓనర్ పేరు మీద, కంపెనీ పేరు మీద కలిపి రేపు పొద్దున్నే స్పీడ్ పోస్టులో నోటీసు పంపించు, బుకింగ్ బ్రాంచికి ఒకటి, హెడ్డాఫీసుకి ఒకటి.