120 అంగుళాల తెరకి ఏ 4కె డిస్క్ ప్లేయర్ తీసుకోవాలి?

నిజాంపేట_శ్రీను:
అందరికీ నమస్కారం. మేడ మీద గది ఒకటి ఖాళీ చేసి థియేటర్ పెట్టుకున్నాను. 120 అంగుళాల తెర, 4కె ప్రొజెక్టర్, అట్మాస్ (తల మీద నుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ పద్ధతి) రిసీవర్, 5.1.4 స్పీకర్లు (చుట్టూ ఐదు, బేస్‌కి ఒకటి, పైన నాలుగు). ఇన్నాళ్లూ ఓటీటీతోనే లాగించాను. మొన్న ఫ్రెండ్ ఇంట్లో డిస్క్ మీద సినిమా చూసినప్పటి నుంచీ మనసాగట్లేదు. షాపాయన లక్షన్నర ప్లేయర్ చూపించి "సౌండ్ వేరే లెవెల్ సార్" అంటున్నాడు. మా ఆవిడేమో "అటక మీద పాత డీవీడీ ప్లేయర్ ఉంది, తియ్యనా?" అంటోంది. పానసోనిక్ యూబీ820 సరిపోతుందా, యూబీ9000 దాకా వెళ్లాలా? సోనీ ఎక్స్800ఎం2 ఎలా ఉంటుంది?

గోదారిగట్టు:
శ్రీను గారూ, ముందు ఒక్కటి చెప్పండి. ప్లేయర్ నుంచి రిసీవర్‌కి హెచ్‌డీఎంఐ కేబులేనా? అయితే షాపాయన మాట మర్చిపోండి. డిస్క్ మీదున్న ట్రూహెచ్‌డీ (నాణ్యత తగ్గకుండా దాచిన డాల్బీ ఆడియో) ఉన్నది ఉన్నట్టు రిసీవర్‌కి పోతుంది. దాన్ని విప్పి శబ్దంగా మార్చేది రిసీవరే. ప్లేయర్లో ఎంత ఖరీదైన డ్యాక్ (డిజిటల్ ఆడియోని శబ్ద సిగ్నల్‌గా మార్చే చిప్) పెట్టినా ఆ టైములో దానికి పని లేదు. అనలాగ్ సాకెట్ల నుంచి తీసుకుంటేనే ఆ డబ్బుకి అర్థం.

నేనూ మొదట నమ్మలేదు. పోయిన దసరాకి మా బావమరిది తన ఖరీదైన ప్లేయర్ మోసుకొచ్చాడు. ఇద్దరి దగ్గరా ఒకే సినిమా డిస్క్ ఉంది. వాన సీను దగ్గర రెండూ పెట్టి, నన్ను కళ్లు మూసుకోమని, వాడు ఇన్‌పుట్ మారుస్తూ "బావా, ఇప్పుడేది?" అని అడగడం. పదిసార్లలో ఐదు కరెక్ట్ చెప్పాను. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. తర్వాత వాణ్ని కూర్చోబెడితే నాలుగే చెప్పాడు. ఆ పూట బూరెలు కూడా ముట్టలేదు పాపం.

ఓటీటీకీ డిస్క్‌కీ మాత్రం తేడా నిజం. 4కె స్ట్రీమ్ మామూలుగా సెకనుకి 15 నుంచి 25 మెగాబిట్లు (ఎంబీపీఎస్). డిస్క్ వంద కూడా దాటుతుంది. ఓటీటీలో అట్మాస్ కుదించినది, డిస్క్ మీద కత్తిరింపు లేనిది.

ప్రొజెక్టర్_పిచ్చోడు:
సౌండ్ సంగతి ఒప్పుకుంటాను గానీ బొమ్మ దగ్గర ప్లేయర్ తేడా చూపిస్తుంది, అదీ ప్రొజెక్టర్ ఉన్నవాళ్లకి. హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపించే) డిస్కుల్ని 1000 నిట్లకో 4000 నిట్లకో తయారుచేస్తారు, నిట్ అంటే వెలుగు కొలత. మన తెర మీద వంద వస్తే గొప్ప. మిగతా వెలుగుని ఎవరో ఒకరు సర్దాలి. ప్రొజెక్టర్‌కి ఆ పని సరిగ్గా రాకపోతే ప్లేయరే చెయ్యాలి. 820లో, 9000లో ఉన్న హెచ్‌డీఆర్ ఆప్టిమైజర్ ఇందుకే. మెనూలో తెర రకం ప్రొజెక్టర్ అని పెట్టి ఆన్ చెయ్యండి. నా దగ్గర ఒక మంచుకొండ సీను అంతకుముందు సున్నం కొట్టిన గోడలా ఉండేది. ఆన్ చేశాక మంచులో బూట్ల గుర్తులు, వాటి అంచుల్లో నీలం నీడ కనిపించాయి. అదే డిస్కండీ!

820కీ 9000కీ బొమ్మలో నాకు తేడా కనపడలేదు. 9000కి పెట్టె బరువు, ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లు (ఒక రకం అనలాగ్ ఆడియో సాకెట్లు). అవి మీకు అక్కర్లేదు. డాల్బీ విజన్ (ఇంకో రకం హెచ్‌డీఆర్) కోసం కూడా ఎక్కువ పెట్టకండి, చాలా ప్రొజెక్టర్లు అసలు దాన్ని తీసుకోవు. ఎస్ఏసీడీలు (సూపర్ ఆడియో సీడీలు) వింటారా? అప్పుడు మాత్రం సోనీ ఎక్స్800ఎం2. ఈ రెండు పానసోనిక్‌లూ అవి ఆడవు.

గేమర్_తమ్ముడు:
అన్నా, పీఎస్5 (ప్లేస్టేషన్ 5) ఉంటే సరిపోదా?

ప్రొజెక్టర్_పిచ్చోడు:
డిస్క్ మోడల్ అయితే 4కె ఆడుతుంది తమ్ముడూ. మామూలు ఆడియో సీడీ పెడితే మాత్రం ఆడదు, డాల్బీ విజన్ లేదు. ఉన్నదాంతో మొదలుపెట్టడానికి ఓకే.

డల్లాస్_రాజు:
అమెరికా నుంచి తెప్పించుకునే ఆలోచన ఉంటే ఆగండి. 4కె డిస్కులకి రీజియన్ గొడవ లేదు, ఎక్కడివైనా ఆడతాయి. మామూలు బ్లూరేలకి ఉంది: ఇక్కడ ఏ, బ్రిటన్‌లో బి, ఇండియాలో సి. ఇక్కడి ప్లేయర్ తీసుకెళ్తే అక్కడ కొన్న బ్లూరేల్లో కొన్ని మొరాయిస్తాయి.

అంతకంటే ముఖ్యం వెనక అంటించిన స్టిక్కర్. మా పిన్ని కొడుకు సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి తీసుకెళ్లాడు. పిన్ను మార్చే అడాప్టర్ పెట్టి గోడకి గుచ్చాడు. అది పిన్ను ఆకారమే మారుస్తుంది, వోల్టేజి కాదు. టప్‌మని ఒక్క చప్పుడు, కాలిన వాసన. అప్పుడు తిప్పి చూస్తే 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని చక్కగా రాసే ఉంది. 100-240 అని ఉంటేనే తీసుకోండి.

నిజాంపేట_శ్రీను:
స్టిక్కర్ సంగతి బాగా చెప్పారు, ఆ ఆలోచన ఉండేది. ఇంకో డౌటు: ఒకాయన ఓప్పో 203 ప్లేయర్ సెకండ్ హ్యాండ్ అమ్ముతున్నాడు, కొత్తదాని రేటు కంటే ఎక్కువ అడుగుతున్నాడు.

గోదారిగట్టు:
ఓప్పో మంచిదే, 205 అయితే ఇంకా మంచిది. కానీ 2018లోనే ప్లేయర్లు ఆపేస్తున్నామని ప్రకటించారు. లేజర్ అరిగితే ఎవర్ని అడుగుతారు? శాంసంగ్, ఎల్‌జీ కూడా ఈ వ్యాపారం వదిలేశాయి. ఏదైనా సరే, వారంటీ ఎవరిస్తారో బిల్లు మీద రాయించుకోండి. నోటిమాట వద్దు.

వైజాగ్_శారద:
కొన్నాక రెండు పనులు చెయ్యండి శ్రీను గారూ. నా రిసీవర్ మీద అట్మాస్ అని రాకుండా మల్టీ ఛానల్ అని వచ్చేది. రెండు సాయంత్రాలు నేల మీద పాకుతూ వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టాను. మా అబ్బాయి ప్లేయర్ మెనూ చూసి సెకండరీ ఆడియో (మెయిన్ ఆడియోలో వేరే శబ్దాల్ని కలిపే సెట్టింగ్) అనేది ఆఫ్ చేశాడు. వెంటనే అట్మాస్ లైటు. ఈ మాట డెలివరీ కుర్రాడో షాపువాడో ఒక్కడైనా చెప్పి ఉంటే!

రెండోది, 100 జీబీ డిస్కులు మూడు పొరలవి, మహా సుకుమారం. కొత్త డిస్క్ గంటన్నర దగ్గర ఆగిపోతే ప్లేయర్ పాడైందనుకుని టెన్షన్ పడ్డాను. లైటు కింద వంచి చూస్తే అంచున బొటనవేలి ముద్ర. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో మధ్యలోంచి అంచుకి తుడవండి, గుండ్రంగా రుద్దకండి. డిస్క్‌ని ప్లేయర్ ట్రేలో వేలు తగలకుండా పెట్టడం మా ఇంట్లో పిల్లలకి వచ్చు, మా ఆయనకి రాదు.

నిజాంపేట_శ్రీను:
820 తీసుకున్నాను, స్టిక్కర్ చూసే. ఆప్టిమైజర్ ఆన్, సెకండరీ ఆడియో ఆఫ్. హెలికాప్టర్ తల మీద తిరిగితే మా అమ్మ పైకి చూసింది. మా ఆవిడ అటక మీంచి పాత డీవీడీలు దింపితే అందులో మా పెళ్లి డిస్క్ దొరికింది, అదీ ఆడింది. జీలకర్ర బెల్లం దగ్గర 120 అంగుళాల మీద నా మొహం మొత్తం గళ్లుగళ్లుగా ఉంది. "దీనికెంత పెట్టావు?" అంది. డీవీడీలకి షార్ప్‌నెస్ ఎక్కడ తగ్గించాలో ఎవరైనా చెప్తారా?