ఫిబ్రవరిలోనే 80 డిగ్రీలు: టమాటా, వంగ, బీర ఎప్పుడు పెట్టాలి? (డల్లాస్ ఉత్తరం వైపు)

కొత్తపాదు

అందరికీ నమస్కారం. మేముండేది ప్రాస్పర్ దగ్గర. పెరట్లో 4×8 అడుగుల రైజ్డ్ బెడ్లు రెండు చేయించాం. ఎత్తు అడుగు, మట్టి ఇంకా నింపలేదు. కంచె వెంబడి 20 అడుగుల నల్లమట్టి నేల ఉంది, అక్కడ పందిరి వేద్దామని.

ఈ వారం మూడు రోజులుగా పగలు 80 డిగ్రీలు (ఈ థ్రెడ్‌లో అన్నీ ఫారెన్‌హీటే అనుకుందాం). స్టోర్లలో టమాటా, మిరప మొక్కలు అప్పుడే బయటికొచ్చేశాయి. కానీ ఫోర్‌కాస్ట్ చూస్తే వచ్చే వారం ఒక రాత్రి 29 అంటోంది. మా జోన్ 8 కదా, ఫర్వాలేదు నాటేయమంటున్నారు కొందరు.

నా సందేహాలు: టమాటా ఇప్పుడు పెట్టొచ్చా? వంగ, మిరప గింజలు ఇంట్లో వేయడానికి ఆలస్యమైపోయిందా? బీర, ఆనప, కాకర, గోంగూర ఎప్పుడు? నిరుటి దొండపాదు నేలలోనే ఉంది, కప్పిన ఆకులు తీసేయాలా? ఇంకొకటి, పిల్లలు కోడిపిల్లలు కావాలంటున్నారు. ఇప్పుడు తెస్తే బతుకుతాయా?

---

నల్లరేగడి

ముందు జోన్ సంగతి. జోన్ నంబరు చెప్పేది చలికాలంలో అత్యంత చల్లటి రాత్రి సగటున ఎంత దాకా పడిపోతుందన్నది ఒక్కటే. ఆఖరి ఫ్రీజ్ (32కి, అంతకంటే కిందికి పడే రాత్రి) ఎప్పుడొస్తుందో అది చెప్పదు. అమెరికా వ్యవసాయ శాఖ 2023లో ఇచ్చిన జోన్ మ్యాపులో డల్లాస్ చాలావరకు 8బీలోకి (జోన్ 8లో వెచ్చటి సగం) వెళ్ళింది, అంతమాత్రాన మార్చి చలి తగ్గిపోలేదు. డల్లాస్ (డీఎఫ్‌డబ్ల్యూ) ఎయిర్‌పోర్టు దగ్గర లెక్కగట్టే ఆఖరి ఫ్రీజ్ సగటున మార్చి నడిమికి వస్తుంది. సగటు అంటే సగం ఏళ్ళలో ఆ తేదీ తర్వాత కూడా గడ్డకడుతుందనే. పైగా ఎయిర్‌పోర్టు చుట్టూ అంతా కాంక్రీటు. ప్రాస్పర్, సెలైనా వైపు ఖాళీ పొలాల పక్కన అదే రాత్రి రెండు మూడు డిగ్రీలు తక్కువే ఉంటుంది. ఫోర్‌కాస్ట్‌లో 34 అని కనిపిస్తే మీరు 31 అనుకుని సిద్ధపడండి.

ఇంకో మెలిక: ఫోర్‌కాస్ట్ చెప్పేది దాదాపు ఐదడుగుల ఎత్తులో గాలి వేడి. గాలి లేని, మబ్బు లేని రాత్రి నేలను ఆనుకున్న గాలి అంతకంటే చల్లబడుతుంది. అందుకే థర్మామీటర్‌లో 36 ఉన్నా తెల్లారేసరికి ఆకుల మీద మంచు తెల్లగా పేరుకుని ఉంటుంది.

పగటి ఎండ చూసి మోసపోవద్దు, మట్టి వేడి చూడండి. వంటింట్లో మాంసానికి వాడే థర్మామీటర్ చాలు. పొద్దున 8 గంటలకు నాలుగంగుళాల లోతున గుచ్చి చూడండి, వరసగా నాలుగైదు రోజులు. టమాటాకి 55–60, వంగకి, బెండకి 65 పైన, బీర, ఆనప, కాకర, గోంగూరకి 70. ఈ అంకె రాకముందు వేసిన బీర గింజ తడిమట్టిలో కుళ్ళిపోతుంది. అందరూ "గింజ మంచిది కాదు" అంటారు, తప్పు మట్టిది.

అయితే టమాటా విషయంలో మరీ ఆలస్యం చేసినా నష్టమే. రాత్రి వేడి 75 దాటితే టమాటా పూత నిలబడదు, రాలిపోతుంది. ఇక్కడ జూన్‌కే ఆ పరిస్థితి వస్తుంది. కాబట్టి మనకున్న అదను మార్చి మధ్య నుంచి జూన్ దాకానే. 60–75 రోజుల్లో కాసే రకాలు పెట్టండి, పెద్ద బీఫ్‌స్టీక్ రకాల జోలికి వెళ్ళొద్దు. చెర్రీ టమాటా ఎండలోనూ కొంత కాస్తుంది. స్టోర్లో మంచి మొక్కలు దొరికితే ఇప్పుడే కొనండి కానీ నేలలో పెట్టకండి. గ్యాలన్ కుండీలోకి మార్చి, కాండం సగం మట్టిలో పూడ్చి, పగలు ఎండలో, రాత్రి గరాజ్‌లో ఉంచండి. మార్చి 15–20 మధ్య ఫోర్‌కాస్ట్ చూసుకుని నాటండి. ఒక్కో బెడ్‌కి ఆరు మొక్కలు, అంతకు మించొద్దు.

ఖాళీగా కూర్చోమని కాదు. ఉల్లి నారు, పాలకూర, మెంతి, కొత్తిమీర, ముల్లంగి ఈ చలికి బాధపడవు, ఇప్పుడే వేయండి. కొత్తిమీర మే వస్తే పూతకెళ్ళిపోతుంది కనుక రెండు వారాలకోసారి గుప్పెడు ధనియాలు చల్లుతుండండి. బంగాళాదుంపలకూ ఇదే అదను: సర్టిఫైడ్ విత్తన దుంపలు తెచ్చి, ముక్కకు రెండు కళ్ళుండేలా కోసి, కోత ఆరడానికి రెండు మూడు రోజులు నీడలో పరచి, నాలుగంగుళాల లోతున పెట్టండి. కోసిన వెంటనే పెడితే కుళ్ళుతాయి.

---

పందిరికింద

నల్లరేగడి గారు చెప్పినదానికి నారు సంగతి కలుపుతున్నా.

వంగ, మిరప ఆలస్యం కాలేదు, కానీ ఈ వారాంతం దాటనివ్వకండి. నాటేది ఏప్రిల్ మధ్యలో. అక్కడి నుంచి వెనక్కి ఎనిమిది వారాలు లెక్కేస్తే సరిగ్గా ఇప్పుడే వస్తుంది. మిరప గింజకి అడుగున 80–85 డిగ్రీల వేడి ఉంటే వారం పది రోజుల్లో మొలుస్తుంది. 65 ఉన్న గదిలో మూడు వారాలు పడుతుంది, అప్పటికి సగం బూజు పడతాయి. హీట్ మ్యాట్ (నారు ట్రే కింద పరిచే కరెంటు వేడి చాప) కొనడం మంచిది. మొలక కనిపించిన రోజే మ్యాట్ తీసేయండి.

లైటు మొక్కకి రెండు మూడంగుళాల పైన, రోజుకు 14–16 గంటలు. ఖరీదైన గ్రో లైటే అక్కర్లేదు, తెల్లటి ఎల్‌ఈడీ షాప్ లైట్ చాలు. కిటికీ దగ్గర పెట్టి వదిలేస్తే నారు సన్నగా సాగి, పక్కకు వాలిపోతుంది. నీళ్ళు కింద ట్రేలో పోసి, 20 నిమిషాల తర్వాత మిగిలినవి పారబోయండి. పైనుంచి రోజూ తడిపితే నారుకుళ్ళు వస్తుంది: కాండం మట్టిని తాకే చోట సన్నబడి, నల్లబడి, పొద్దునకి పడుకుని ఉంటుంది. వచ్చాక మందు లేదు. చిన్న ఫ్యాన్ తిప్పితే చాలావరకు రాకుండా ఉంటుంది. పెరటి మట్టి, పాత కుండీ మట్టి నారుకి వాడొద్దు.

బీర, ఆనప, కాకర, పొట్ల మాత్రం ఇప్పుడు వేయకండి. వీటి వేళ్ళు కదిలిస్తే ఒప్పుకోవు, మూడు వారాలకి మించి కుండీలో ఉంటే ముడుచుకుపోతాయి. మార్చి 20 తర్వాత నాలుగంగుళాల కప్పుల్లో, ఒక్కోదాంట్లో ఒకే గింజ. బీర, కాకర గింజ పెంకు గట్టిది. గోళ్ళ కత్తెరతో మొన దగ్గర కొంచెం గిల్లి, రాత్రంతా నానబెట్టి, తడి పేపర్ టవల్‌లో చుట్టి వెచ్చటి చోట పెడితే మొలక తెల్లగా తొంగిచూస్తుంది, అప్పుడు మట్టిలో పెట్టండి. గోంగూర, తోటకూర, బెండ నేరుగా నేలలోనే, ఏప్రిల్ మధ్య నుంచి. గోంగూర ఆకు కోసమైతే మొక్కకి మొక్కకి అడుగు చాలు.

చిక్కుడు అడగలేదు గానీ చెప్తా, ఏటా ఎవరో ఒకరు మోసపోతారు. మన పాదు చిక్కుడు పగటి పొద్దు తగ్గితేనే పూస్తుంది. ఏప్రిల్‌లో వేస్తే సెప్టెంబరు దాకా పందిరి నిండా ఆకే, పూత ఉండదు. నవంబరులో మళ్ళీ ఫ్రీజ్. పొద్దుతో పనిలేని పొట్టి రకాలు ఉన్నాయి, బెంగళూరు ఐఐహెచ్ఆర్ (ఉద్యాన పరిశోధన సంస్థ) వాళ్ళ అర్క జయ్, అర్క విజయ్ లాంటివి. దొరికితే అవే వేయండి. అన్నట్టు ఊరి నుంచి వచ్చేవాళ్ళ సూట్‌కేసులో గింజలు తెప్పించుకోవద్దు. ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (గింజలకు తెగుళ్ళు లేవని అక్కడి ప్రభుత్వం ఇచ్చే కాగితం) గానీ, చిన్న మొత్తాలకిచ్చే పర్మిట్ గానీ లేకపోతే ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు.

దొండ: కప్పిన ఆకులు తీయకండి! ఇప్పుడు తీస్తే ఈ ఎండకి దుంప చిగురేస్తుంది, వచ్చే వారం 29కి ఆ చిగురు మాడుతుంది, దుంపలో దాచుకున్న బలం వృథా. ఏప్రిల్ మొదటి వారం దాకా ఆరంగుళాల మందాన అలాగే ఉండనివ్వండి. నల్లమట్టిలో దొండ దుంపని చలికంటే నిలవ నీరే ఎక్కువ చంపుతుంది. మొదలు దగ్గర నీళ్ళు నిలవకుండా చిన్న కాలువ తీయండి. కొత్తగా కొమ్మలు తెచ్చేవాళ్ళు కాయ కాసిన పాదు నుంచే తెచ్చుకోవాలి. మగపాదు కొమ్మ తెస్తే పువ్వులే.

---

కొత్తపాదు

చాలా థ్యాంక్సండీ. దొండ ముట్టుకోను. ఆ 29 రాత్రికి పాలకూర, కుండీలో కరివేపాకు ఏం చేయాలి? బెడ్లలోకి మట్టి ఎంత, ఏది? కట్టెల బూడిద చాలా ఉంది మా దగ్గర, కలపొచ్చా?

---

నల్లరేగడి

బూడిద వద్దు. మన ఊళ్ళలో ఎర్రనేలల అలవాటు అది, అక్కడ పనికొస్తుంది. ఇక్కడి నల్లమట్టి అసలే క్షారం, పీహెచ్ 7.5–8. బూడిద దాన్ని ఇంకా పెంచుతుంది. ఇనుము మట్టిలో ఉన్నా వేరు తీసుకోలేదు, లేతాకులు పచ్చటి ఈనెలతో పసుపెక్కిపోతాయి. సున్నం కూడా అంతే.

మట్టి లెక్క: 4×8×1 అంటే 32 ఘనపుటడుగులు, రెండింటికీ 64. ఘనగజానికి 27, కాబట్టి సుమారు 2.4 గజాలు. కుంగుతుంది గనుక రెండున్నర తెప్పించండి. సంచుల్లో కొంటే రెండు ఘనపుటడుగులవి 32 కావాలి, ట్రక్కు లోడే చవక. పందిరి నేలకి మూడంగుళాల ఎక్స్‌పాండెడ్ షేల్ (కాల్చి ఉబ్బించిన రాతి గుళ్ళ), మూడంగుళాల కంపోస్టు పరచి ఆరేడంగుళాల లోతు కలపండి. షేల్ ఒక్కసారి వేస్తే చాలు, కరిగిపోదు. మట్టి తడిగా ఉన్నప్పుడు మాత్రం తవ్వొద్దు. పిడికిట్లో నొక్కి వేలితో పొడిస్తే పొడిగా విడిపోవాలి. ముద్దలా నిలబడితే ఆగండి, లేకపోతే ఎండాక ఇటుకలే.

కంపోస్టులో పశువుల ఎరువుందని చెబితే ఒక పరీక్ష చేయండి. ఇక్కడ గడ్డిమైదానాల్లో కొట్టే కొన్ని కలుపుమందులు పశువు కడుపులోంచి బయటికొచ్చినా చావవు. అలాంటి ఎరువు పడిన బెడ్‌లో టమాటా, చిక్కుడు ఆకులు గిన్నెల్లా ముడుచుకుంటాయి. అందుకని ఆ ఎరువు సగం, పాటింగ్ మిక్స్ సగం కలిపి మూడు కప్పుల్లో, ఉత్త పాటింగ్ మిక్స్ మరో మూడు కప్పుల్లో పోసి, అన్నింట్లో బీన్స్ గింజలు పెట్టండి. మూడు వారాల్లో తేడా కనపడుతుంది. నాటడానికి ఇంకా నెల ఉంది, సరిపోతుంది.

29 రాత్రి: పాలకూర, ఉల్లి తట్టుకుంటాయి, కప్పక్కర్లేదు. కరివేపాకు 45 లోపు పడే ప్రతి రాత్రీ లోపలికే. ఆకులు రాల్చినా కంగారుపడి నీళ్ళు ఎక్కువ పోయకండి.

మార్చిలో టమాటా నాటాక ఫ్రీజ్ వస్తే పగలే నీళ్ళు పెట్టండి, తడిమట్టి వేడిని ఎక్కువ పట్టుకుంటుంది. పొద్దు గూకకముందే ఫ్రాస్ట్ క్లాత్ (చలికి మొక్కల మీద కప్పే పల్చటి గుడ్డ) కప్పి, అంచులు నేల దాకా దించి ఇటుకలు పెట్టండి. గుడ్డ వెచ్చగా ఉంచేది మొక్కని కాదు, నేలలోంచి వచ్చే వేడిని ఆపుతుంది. కాండం చుట్టూ గొడుగులా కడితే ఏమీ లాభం లేదు. చదరపు గజానికి ఔన్సున్నర బరువున్న గుడ్డ నాలుగు నుంచి ఆరు డిగ్రీలు కాపాడుతుంది. ప్లాస్టిక్ ఆకుని తాకితే తాకిన చోటల్లా మాడుతుంది. పాతకాలం క్రిస్మస్ బల్బుల దండ గుడ్డ కింద వేస్తే ఇంకో రెండు డిగ్రీలు కలిసొస్తాయి, ఎల్‌ఈడీ దండకి వేడే ఉండదు. ఉత్తరపు గాలి గట్టిగా వీచే రాత్రి మాత్రం వీటిని నమ్ముకోవద్దు, గుడ్డ కింది వేడిని గాలే పట్టుకుపోతుంది. 2021 ఫిబ్రవరి 16న ఎయిర్‌పోర్టులో మైనస్ 2 నమోదైంది. అలాంటిదానికి ఏ గుడ్డా చాలదు.

---

గంపకోడి

కోళ్ళ గురించి ఎవరూ చెప్పలేదు.

కోడిపిల్లలను తెచ్చే ముందు సిటీ రూల్స్, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) కాగితాలు చదవండి. సిటీ ఒప్పుకున్నా హెచ్‌ఓఏ ఒప్పుకోని చోట్లే ఎక్కువ.

వాటికి మొదటి వారం 95 డిగ్రీల వేడి ఉండాలి, తర్వాత వారానికి 5 చొప్పున తగ్గించాలి. ఈకలు పూర్తిగా రావడానికి ఆరు వారాలు. అంటే ఇప్పుడు తెస్తే ఏప్రిల్ మొదట్లో బయటికి, అప్పటికి రాత్రులు సరిపోతాయి. 250 వాట్ల ఎర్రబల్బు గరాజ్‌లో వద్దు, పొట్టులో పడితే ఇల్లంటుకుంటుంది. హీట్ ప్లేట్ (పిల్లలు కింద దూరి వెచ్చగా ఉండే కరెంటు పలక) మేలు. కానీ అది చుట్టూ గాలి 50 పైన ఉంటేనే సరిగ్గా పనిచేస్తుంది, 29 రాత్రి గరాజ్ చలికి చాలదు. ఆ రాత్రులు లాండ్రీ రూములోకి మార్చండి. వేడి సరిపోయిందో లేదో పిల్లలే చెబుతాయి: గుంపుగా ఒకదాని మీద ఒకటెక్కితే చలి, నోరు తెరిచి దూరం జరిగితే వేడెక్కువ.

కింద న్యూస్‌పేపర్ వేయొద్దు, కాళ్ళు జారి పక్కకు చాచుకుపోతాయి. పైన్ పొట్టు వేయండి. నీళ్ళ గిన్నెలో గోళీలు వేస్తే పడి మునగవు. వెనక రెట్ట గట్టిపడి అంటుకుంటే గోరువెచ్చటి నీళ్ళతో తడిపి తీయండి, లాగితే చర్మం వస్తుంది. గూటికి చికెన్ వైర్ రకూన్‌ని ఆపదు, అరంగుళం కన్నాల హార్డ్‌వేర్ క్లాత్ (గట్టి ఇనప తీగల జాలీ) కావాలి. గూట్లో కోడికి నాలుగు చదరపుటడుగులు, బయట పది.

పచ్చి కోడిపెంట బెడ్‌లో వేయకండి, మొక్కలు మాడుతాయి. కంపోస్టు చేయండి, లేదా అక్టోబరులో ఖాళీ బెడ్‌లో.

---

కొత్తపాదు

అర్థమైంది. ఒక్కటే చివరిగా: ఏప్రిల్లో వడగళ్ళు పడితే?

---

పందిరికింద

పందిరి ఎటూ వేస్తారు కదా, దానికి వాడే క్యాటిల్ ప్యానెల్ (పశువుల కంచెకు వాడే లావుపాటి తీగల జాలీ) ఒకటి బెడ్ మీద అడ్డంగా వంచి గూడులా నిలబెట్టండి. 16 అడుగుల పొడవుంటుంది, నాలుగడుగుల బెడ్ మీద వంపు చక్కగా వస్తుంది. వార్నింగ్ రాగానే పైన 40 శాతం షేడ్ క్లాత్ లాగి క్లిప్పులు పెట్టండి. గోలీకాయంత వడగళ్ళని ఆపుతుంది, జూలైలో అదే గుడ్డ ఎండకి పనికొస్తుంది. బేస్‌బాల్ సైజువైతే మొక్కలు కాదు, కారు లోపల పెట్టుకోండి. వంగ, మిరప నారు మొత్తం ఒకేరోజు నాటకండి, మూడో వంతు కుండీల్లో ఇంకో రెండు వారాలు ఉంచుకోండి.