చార్మినార్‌కు విదేశీ అతిథులు: సెల్ఫీల గుంపును ఎలా తప్పించాలి?

మణికొండ మనిషి:
నెదర్లాండ్స్ నుంచి మా ఆఫీసుకు ఇద్దరు వస్తున్నారు, మా ఇంట్లోనే దిగుతారు. ఒకావిడ ఆరడుగుల పొడవు, బంగారు రంగు జుట్టు. ఆదివారం సాయంత్రం చార్మినార్, లాడ్‌బజార్ చూపిద్దామనుకుంటున్నాను. జనం ఫోటోలకు మూగితే ఏం చేయాలి?

ఖిల్వత్ గల్లీ:
ముందు ఆ ఆదివారం సాయంత్రం మానుకోండి. శుక్రవారమూ వద్దు: మక్కా మసీదులో జుమ్మా నమాజు రద్దీ, పైగా పక్కనే ఉన్న నిజాంల చౌమహల్లా ప్యాలెస్ బంద్. మామూలు రోజు పొద్దున 9కల్లా చార్మినార్ కౌంటర్ దగ్గరుండండి. లోపలి మెట్లు మెలికలు తిరిగి బాగా ఇరుకు. జనం మధ్య ఆగిపోతే ఫోటో అడిగేది అక్కడే, తప్పుకునే దారి ఉండదు. తర్వాత నడిచొస్తే 10కి చౌమహల్లా తెరుస్తారు. అది చూసి బయటికొచ్చేసరికి లాడ్‌బజార్‌లో గాజుల షాపుల షట్టర్లు లేస్తాయి, బోణీ బేరం కూడా దొరుకుతుంది. చార్మినార్ టికెట్ మనకు 25, వాళ్ళకు 300 అని ముందే చెప్పండి, లేకపోతే కౌంటర్ దగ్గర బిత్తరపోతారు.

గోల్కొండ గైడన్న:
గుంపు ఫోటో అడిగినందుకు కాదు, ఆగినందుకు అయితది. మొదటి సెల్ఫీ అయ్యేలోపే వెనక నలుగురు ఫోన్లు తీసి రెడీగుంటరు. నడుస్తనే, గుండె మీద చెయ్యి పెట్టి, నవ్వుకుంట "నక్కో భయ్యా, దేర్ హోరీ" (వద్దు భాయ్, లేటైతుంది) అనాలె. ఆ మాట మీరే అనాలె. అతిథి "నో థాంక్యూ" అంటే మాట కలిసినట్టే, వెంటనే "విచ్ కంట్రీ?" అంటరు.

ఒప్పుకుంటే గోడకు వీపు పెట్టి నిలబెట్టండి. వాళ్ళ ఫోన్ మీరే తీసుకొని ఒక్కటే కొట్టి, చేతిల పెట్టి కదలండి. ఫోన్ వాళ్ళ దగ్గరుంటే "ఇంకొకటి" అనుడు ఆగదు. ఎవడన్న భుజం మీద చెయ్యేస్తే గట్టిగ "చెయ్యి తియ్" అనండి. చుట్టూ ఉన్నోళ్ళే వాణ్ణి అదిలిస్తరు.

బోడుప్పల్ లక్ష్మి:
అందరికీ వద్దనడం దేనికండీ? పిల్లలతో వచ్చిన కుటుంబాలతో ఫోటో దిగడం కొందరికి సరదానే, ఆవిడనే అడగండి. మసీదు వైపు వెళ్తే భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు, ఒక చున్నీ ఉండాలి. ఆటో యాప్‌లోనే బుక్ చేయండి. రోడ్డు మీద బేరమాడితే వాళ్ళను చూడగానే రేటు మారుతుంది, కొందరు కమీషన్ కోసం దారిలో ముత్యాల షాపు దగ్గర దింపుతారు. తిరుగు బండికి మదీనా చౌరస్తా వరకు నడవండి.

ఇంకోటి, అసలు ముఖ్యమైనది. ఇంట్లో దింపుకుంటే 24 గంటల్లోపు ఎఫ్ఆర్ఆర్ఓ (విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసు) వెబ్‌సైట్‌లో వివరాలు ఇవ్వాలి. దీన్నే ఇదివరకు సి-ఫారం అనేవారు. హోటల్ అయితే వాళ్ళే చేస్తారు, ఇల్లయితే పని మీదే.

మణికొండ మనిషి:
మంగళవారానికి మార్చేశాను. ఆ ఫారానికి పాస్‌పోర్టు కాపీ చాలా?

బోడుప్పల్ లక్ష్మి:
చాలదండీ. వీసా కాపీ, ఫోటో, ఇండియాలో దిగిన తేదీ కూడా కావాలి. విమానం ఎక్కకముందే వాట్సాప్‌లో తెప్పించుకోండి.