థైరాయిడ్ తక్కువగా ఉంటే హోమియో చాలా? రోజూ వేసుకునే మాత్ర మానేయొచ్చా?

రాజాం కోడలు:
మా ఆడపడుచుకి థైరాయిడ్ సరిగా పనిచేయట్లేదు. 50 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తక్కువైతే రక్తంలో పెరిగే హార్మోను) 14 నుంచి దిగడం లేదు, టి4 (థైరాయిడ్ గ్రంథి చేసే హార్మోను) తక్కువే. విజయనగరంలో ఒక హోమియో డాక్టరు ఇంగ్లీషు మందు మానిపిస్తానన్నారట. తను పిల్లల కోసం చూస్తోంది. ఏం చెప్పమంటారు?

బొబ్బిలి రైతు:
ధైర్యంగా వాడమనమ్మా. మా ఇంటావిడకి 6.8 ఉండేది, హోమియోతో 4కి దిగింది. ఆ డాక్టరు నిద్ర, చెమట, భయాలు అన్నీ ఓపిగ్గా అడిగారు. పెద్దాసుపత్రుల్లో రెండు నిమిషాలు కూడా చూడరు.

ఆమదాలవలస ఫార్మసిస్టు:
అన్నా, రెండు నిమిషాల మాట నిజమే, నాకూ బాధగానే ఉంటుంది. కానీ ఈ ఇద్దరి సంగతీ ఒకటి కాదు. టి4 బాగుండి టీఎస్‌హెచ్ కాస్త పెరిగితే, చాలామందికి ఏ మందూ లేకుండానే మళ్లీ పరీక్షలో మామూలుకి వస్తుంది. వదినగారికి హోమియో వల్లే తగ్గిందని ఆ ఒక్క రిపోర్టుతో చెప్పలేం. ఈ అమ్మాయికి టి4 కూడా తక్కువ. గ్రంథి చేయలేకపోతున్న హార్మోన్నే ఆ మాత్ర అందిస్తోంది. హోమియోలో 30సి అంటే నూరో వంతు చొప్పున 30 సార్లు పలచన చేసిన మందు. 12 సార్లు దాటాక అసలు పదార్థం ఒక్క అణువైనా మిగలడం కష్టం. ఇక లోటు ఎలా పూడుతుంది?

ఇంకో చిక్కుంది. ఆ మాత్రలోని థైరాక్సిన్, అంటే టి4, ఒంట్లో సగానికి తగ్గడానికే వారం పడుతుంది. మాత్ర ఆపిన కొత్తలో బాగానే ఉంటుంది, ఆ మంచి పేరు గుళికలకు పోతుంది. కడుపులో బిడ్డ మెదడు మొదటి నెలల్లో తల్లి హార్మోను మీదే ఆధారపడుతుంది. గర్భం వస్తే సాధారణంగా డోసు పెంచుతారు. ఇప్పుడు ఆపడం చాలా ప్రమాదం తల్లీ.

బొబ్బిలి రైతు:
రెండూ కలిపి వాడితే నష్టమేంటి?

ఆమదాలవలస ఫార్మసిస్టు:
మాత్ర మానకుండా ఉంటే నేను గొడవపడను. అమ్మా, ఆమె మాత్ర ఎలా వేసుకుంటోంది? పరగడుపున నీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట దాకా టీ, టిఫిన్ ముట్టకూడదు. ఐరన్, కాల్షియం మాత్రలకు 4 గంటల ఎడం ఉండాలి.

రాజాం కోడలు:
ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను. పొద్దున్నే టీతో, ఐరన్ మాత్రతో కలిపి వేసుకుంటోందట!

ఆమదాలవలస ఫార్మసిస్టు:
14 దగ్గరే ఆగడానికి అదే కారణం కావచ్చు. డోసు కూడా చాలకపోవచ్చు. పిల్లల కోసం చూస్తున్నారు కాబట్టి ఈ వారమే డాక్టరుకి చూపించి, ఈ సంగతి కూడా చెప్పండి. డోసు మారిస్తే 6 నుంచి 8 వారాలకు మళ్లీ టీఎస్‌హెచ్ చేయించాలి.