గొంతు పట్టేసిందన్నాడు, ఇంజెక్షన్ వేసేశాను. ఇప్పుడు ఇంట్లో అందరూ తప్పంటున్నారు

బుజ్జిగాడి_అమ్మ | శనివారం రాత్రి 10:40

మా బాబుకి ఎనిమిదేళ్లు, 25 కిలోలు. పల్లీలు పడవు. ఐదేళ్లప్పుడు ఎవరో పల్లీ చిక్కీ పెడితే పది నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు లేచి, పిల్లికూతలు మొదలై ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. అప్పటి నుంచి, అలర్జీ ముదిరితే వేయమని డాక్టరు గారు రాసిచ్చిన అడ్రినలిన్ ఆంప్యూల్ (మందు ఉండే చిన్న గాజు బుడ్డి), సిరంజి నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంటాయి. ఎలా వేయాలో దగ్గరుండి నేర్పించారు.

మొన్న మా ఆడపడుచు గృహప్రవేశం. వీడికి పల్లీల్లేని పులిహోర వేరే గిన్నెలో తీయించాను. నాలుగు ముద్దలు తిన్నాడో లేదో, వాళ్ల బావ "ఒరేయ్, పల్లీల పులిహోర వడ్డించిన గరిటే ఇది!" అన్నాడు. వీడి మొహం పాలిపోయింది. ఐదు నిమిషాల్లో "అమ్మా, గొంతు పట్టేసింది" అన్నాడు. గబగబా ఊపిరి తీస్తున్నాడు, వేళ్లు తిమ్మిరెక్కాయంటున్నాడు. చొక్కా విప్పి చూశా. ఒక్క దద్దురు లేదు.

వేసేశాను. ఆంప్యూల్ మెడ విరిచేటప్పుడు నా బొటనవేలు తెగింది, ఆ రక్తంతోనే తొడకి పొడిచాను. 108లో ఆసుపత్రి చేరేసరికి ముప్పావుగంట. అక్కడ డ్యూటీ డాక్టరు చూసి "అలర్జీ కాదమ్మా, టెన్షన్. భయపడ్డాడంతే" అని పంపేశారు.

అత్తయ్య "దడుసుకున్న పిల్లాడికి దిష్టి తీయాల్సింది పోయి సూది పొడిచింది" అని అందరికీ చెబుతున్నారు. మా వారు "ఈసారి పది నిమిషాలు ఆగి చూద్దాం" అంటున్నారు. ఆగాలా? వేయాలా?

మావయ్య_1962 | రాత్రి 11:05

అమ్మా, ఏమీ అనుకోకు. మా రోజుల్లో ఏదన్నా పడకపోతే అవిల్ మాత్ర ఒకటి వేసి పడుకోబెట్టేవాళ్లం, తెల్లారేసరికి తగ్గేది. గుండె మీద పనిచేసే మందు పసివాడికి ఇంట్లో వేయడమేంటి? ముందు మంచినీళ్లిచ్చి, కవర్లోకి ఊపిరి వదలమంటే ఆ ఆయాసం అదే తగ్గును.

ఫ్రిస్కో_పిన్ని | రాత్రి 11:20

బుజ్జిగాడి అమ్మ గారూ, మీరు చేసింది కరెక్టు. మా అమ్మాయికి జీడిపప్పు పడదు. ఇక్కడ టెక్సాస్‌లో స్కూల్లో చేర్చేటప్పుడే డాక్టరు సంతకంతో ఒక పేజీ ప్లాను ఇవ్వాలి, పైన పాప ఫోటో ఉంటుంది. దాని సారం ఒకటే: పడనిది తిన్నాక అనుమానం వస్తే ముందు ఎపినెఫ్రిన్, తర్వాతే ఆలోచన. మీరు వేసిన అడ్రినలిన్, మేం ఎపినెఫ్రిన్ అనేది ఒకటే మందు. మాకైతే పెన్నులా నొక్కేది ఉంటుంది. 2024లో ముక్కులో కొట్టే స్ప్రే కూడా వచ్చింది. ఆంప్యూల్ విరిచి, మందు లాగి వేశారంటే మీకు దండం పెట్టాలి.

గేమ్స్_పీరియడ్_నాన్న | రాత్రి 11:52

"టెన్షన్" అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మా పాప తొమ్మిదో తరగతిలో ఉండగా మధ్యాహ్నం చపాతీ బాక్సు తిని గేమ్స్ పీరియడ్‌కి వెళ్లింది. పరిగెత్తుతుంటే అరచేతులు దురదలు, కడుపునొప్పి, కళ్లు తిరగడం. స్కూల్లో "యూనిట్ టెస్టులు కదా, టెన్షన్" అని తేల్చారు. కూర్చున్న పిల్లని లేపి, రెండో అంతస్తులో ఉన్న స్టాఫ్ రూముకి మెట్లెక్కించారు. పైమెట్టు మీద పడిపోయింది. బీపీ పడిపోయిన పిల్లని నిలబెడితే అదే అవుతుంది, కాళ్లు ఎత్తి పడుకోబెట్టాలని తర్వాత తెలిసింది.

నెల తిరక్కుండా మళ్లీ అదే. అప్పుడు పట్టుకుని అలర్జీ డాక్టరు దగ్గరికి వెళితే తేలింది: గోధుమ. తిని కూర్చుంటే ఏమీ కాదు, తిని పరిగెడితే వస్తుంది. అలాంటిదొకటి ఉంటుందని నాకూ తెలియదు. రెండుసార్లూ పరీక్షల సీజనే కావడంతో అందరికీ టెన్షనే కనిపించింది. మీ వారికి చెప్పండి, పది నిమిషాలు ఆగడం మాకు రెండో అంతస్తు దాకా తెచ్చింది.

చిన్నక్క | ఆదివారం ఉదయం 6:15

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి రెండోవైపు నేను చెబుతాను. మా అమ్మాయికి పన్నెండేళ్లు, దానికీ పల్లీలే. "డౌటుంటే వేసెయ్" అన్న సూత్రాన్ని నేనూ తు.చ. తప్పకుండా పాటించాను. ఒక్క ఏడాదిలో ఆరు ఇంజెక్షన్లు. ఆరింటిలో నాలుగుసార్లు అది ఏమీ తినలేదు! పక్కింట్లో పల్లీలు వేయించే వాసన వచ్చిందని ఒకసారి, బస్సులో పక్కావిడ ఉడకబెట్టిన పల్లీలు తింటోందని ఇంకోసారి. చివరికి స్కూల్లో ఎవరి పక్కనా కూర్చోవడం మానేసింది. అన్నం తినడానికే భయం. బరువు తగ్గింది.

తర్వాత ఆసుపత్రిలో అన్నీ సిద్ధంగా పెట్టుకుని, కొద్దికొద్దిగా తినిపించి చూసే పరీక్ష చేశారు. మొదటి స్పూన్లలో కొన్ని ఉత్తవి, పల్లీ లేనివి. ఉత్త స్పూనుకే గొంతు పట్టేసిందంది. అది నాటకం కాదండీ, దాని బాధ నిజం. కానీ దానికి మందు సూది కాదు. సూది వేసిన ప్రతిసారీ "నిజంగా చచ్చిపోబోయాను, అమ్మ కాపాడింది" అని దాని మనసులో ముద్ర పడిపోయింది. ఆ మందు వేస్తే వచ్చే వణుకు, గుండెదడ కూడా భయం లాగే ఉంటాయి కదా.

నైట్_డ్యూటీ | ఉదయం 8:30

పిల్లల వార్డులో పనిచేస్తాను, ఇప్పుడే దిగాను. వరసగా కాకుండా తోచినట్టు రాస్తున్నా.

అందరూ ఒక విషయం వదిలేశారు. బాబుని ఆసుపత్రిలో చూసింది ఇంజెక్షన్ పడిన ముప్పావుగంటకి. అడ్రినలిన్ పనిచేస్తే నిమిషాల్లో వాపు, ఆయాసం తగ్గుతాయి. మంట ఆర్పేశాక వచ్చినవాడు "ఇక్కడ మంటే లేదు" అంటే ఎలా? అది భయమే అయ్యుండొచ్చు, నాకూ అలాగే అనిపిస్తోంది, కానీ ఆ డాక్టరు అంత గట్టిగా చెప్పడానికి లేదు. మొదటి గంటా రెండు గంటల్లో రక్తం తీసి ట్రిప్టేజ్ (అలర్జీ రియాక్షన్‌లో రక్తంలో పెరిగేది) చూస్తే కొంత తెలిసేది. ఆహారం వల్ల వచ్చే రియాక్షన్లలో అదీ ఒక్కోసారి మామూలుగానే ఉంటుంది. పైగా కొన్ని గంటల తర్వాత రియాక్షన్ తిరగబెట్టొచ్చు, కాబట్టి మీ వాణ్ణి కాసేపు ఉంచాల్సింది.

ఇక మావయ్య గారికి. అవిల్ దురదనీ దద్దుర్లనీ తగ్గిస్తుంది. మూసుకుపోతున్న గొంతుని తెరవదు, పడిపోతున్న బీపీని లేపదు. కవర్లో ఊపిరి అస్సలు వద్దు. అది భయం కాక నిజం రియాక్షనో ఆస్తమానో అయితే ఉన్న ఆక్సిజన్ కూడా అందకుండా చేసినట్టే. గొంతు పట్టేసిన పిల్లలకి నీళ్లు కూడా పట్టకండి.

తేడా ఎలా తెలుస్తుందంటే, భయానికి చేతకానివి కొన్ని ఉన్నాయి. పెదవులు, కనురెప్పలు ఉబ్బడం. గొంతు బొంగురుపోవడం. పిల్లికూతలు. వాంతి మీద వాంతి. ఉన్నట్టుండి వాడిపోయి మగతగా అయిపోవడం. పేరు, ఊరు చెప్పించండి, రోజూ వినే గొంతేనా కాదా అన్నది మీకే తెలుస్తుంది. వేళ్లకీ మూతి చుట్టూ తిమ్మిరి, గబగబా ఊపిరి, ఊపిరి నెమ్మదిస్తే తిమ్మిరీ తగ్గడం, ఇవి భయం వైపు మొగ్గుతాయి. భయం పది నిమిషాల్లో పతాకస్థాయికి వెళ్లి అరగంటలోపు దిగుతుంది. అలర్జీ అలా దిగుతుందని నమ్మకం లేదు.

దద్దుర్లు లేవు కదా అని ధీమా పడకండి. పదిమందిలో ఒకరిద్దరికి అవి లేకుండానే తీవ్రమైన రియాక్షన్ వస్తుంది. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటర్లో 98 చూపించినా అంతే, మొదట్లో రెండింటిలోనూ అదే చూపిస్తుంది.

గేమ్స్_పీరియడ్_నాన్న | ఉదయం 9:02

మా పాప పరీక్ష రోజు భయంతో వాంతి చేసుకుంటుంది. మరి "భయానికి చేతకాదు" అన్నారే?

నైట్_డ్యూటీ | ఉదయం 9:10

ఒప్పుకుంటా, ఒక వాంతి భయానికీ చేతనవుతుంది. కొందరికి టెన్షన్ పడి చెమట పడితే సన్నని దద్దుర్లు కూడా లేస్తాయి. ఏ ఒక్క లక్షణాన్నీ పట్టుకుని తీర్పు చెప్పలేం. అందుకే నేను మొదట అడిగేది లక్షణం కాదు: ఏదన్నా నోట్లో పడిందా? గత రెండు గంటల్లో పడనిది తిన్నట్టు అనుమానం ఉండి, గొంతో ఊపిరో ఇబ్బందిగా ఉంటే వేసేయండి, 108కి ఫోన్ చేయండి. ఆరోగ్యంగా ఉన్న పిల్లాడికి సరైన డోసు అనవసరంగా పడితే కాసేపు వణుకు, గుండెదడ, తలనొప్పి. అవసరమైనవాడికి ఆలస్యమైతే ఏమవుతుందో రాయక్కర్లేదు.

చిన్నక్క గారి అమ్మాయి తినని నాలుగుసార్లూ వేరే లెక్క. పల్లీల వాసనలో అలర్జీ తెచ్చే ప్రోటీన్ ఉండదు. రొయ్యలు ఉడికే ఆవిరి అలా కాదు, అందులో ఉంటుంది.

చిన్నక్క | ఉదయం 9:40

ఇదే నేను చెప్పేది. తిన్నదా లేదా అన్నదే గీత. ఫ్రిస్కో పిన్ని గారి పేజీలో కూడా "పడనిది తిన్నాక" అనే ఉంది. మేం ఆ సగం మర్చిపోయి "అనుమానం వస్తే" అన్న సగమే గుర్తుపెట్టుకున్నాం.

కానీ గరిటె సంగతి? గరిటెకి అంటిన పల్లీ తిన్నట్టా, తిననట్టా?

నైట్_డ్యూటీ | ఉదయం 9:48

తిన్నట్టే. బుజ్జిగాడి అమ్మ గారి చోట నేనున్నా వేసేవాణ్ణి.

మావయ్య_1962 | ఉదయం 10:15

సరే, కవరు మాట వెనక్కి తీసుకున్నా. కానీ ఇంట్లో ఆడవాళ్లు సూది వేయడం నాకింకా మింగుడుపడటం లేదు. డోసు ఎక్కువైతేనో?

నైట్_డ్యూటీ | ఉదయం 10:31

మగవాళ్లు వేస్తే డోసు మారదు కదండీ :) డోసు భయం మాత్రం న్యాయమైనదే. ఒక ఎమ్ఎల్ ఆంప్యూల్‌లో ఒక మిల్లీగ్రాము ఉంటుంది. లెక్క కిలోకి 0.01 మిల్లీగ్రాము, ఈ బాబుకి పావు ఎమ్ఎల్. బరువు పెరిగితే మారుతుంది, అందుకే ప్రతి చెకప్‌లో మీ డాక్టరుతో కొత్తగా రాయించుకోండి, సిరంజి మీద గీత పెట్టించుకోండి. ఇన్సులిన్ సిరంజి వాడకండి, దాని మీద అంకెలు వేరు, సూదీ పొట్టి. ఆంప్యూల్‌ని ఎండలో స్కూటర్ డిక్కీలో వదలొద్దు, రంగు మారితే పారేయండి.

బుజ్జిగాడి_అమ్మ | ఆదివారం రాత్రి 9:20

అందరికీ థాంక్స్. మావయ్య గారూ, మీ మీద కోపం లేదండీ, మా అత్తయ్య అచ్చం మీలాగే మాట్లాడతారు.

ఈ థ్రెడ్ మా వారికి చదివి వినిపించాను. "తిన్నాడా" అని ముందు అడగాలన్నది ఒప్పుకున్నారు, పది నిమిషాల మాట ఎత్తలేదు. సాయంత్రం వాడు మామూలుగా ఆడుకుంటుంటే అడిగాను, చిక్కీ తిన్నప్పుడు ఎలా ఉందిరా, మొన్న ఎలా ఉందిరా అని. "అప్పుడు నాలుక మీద చీమలు పాకాయి, పొట్టలో తిప్పింది. మొన్న చీమలు రాలేదు, గొంతులో లడ్డూ ఉన్నట్టుంది" అన్నాడు. మూడేళ్లయినా చీమలు గుర్తున్నాయి వాడికి. ఇది ఆ రోజే తెలిసినా వేసేదాన్నా? వేసేదాన్నే అనుకుంటా. చీమలు ఆలస్యంగా వస్తాయేమో, ఎవరికి తెలుసు.

"ఈసారి సూది వేసేముందు చెప్పవా అమ్మా" అని కూడా అడిగాడు. మొన్న చెప్పకుండానే పొడిచేశాను పాపం.

బుధవారం డాక్టరు గారి దగ్గరికి వెళ్తున్నాం. వాడి గరిటెకి ఎర్రదారం కట్టాను. ఆంప్యూల్స్ రెండు కొత్తవి తెచ్చాను, మూడో మెడికల్ షాపులో గానీ దొరకలేదు.